పదకొండు నుంచి పన్నెండు దాకా

లోక్‌సభ సమావేశాలు జరిగే రోజుల్లో ఉదయం పదకొండు గంటలకు ప్రశ్నోత్తరాల సమయం చూడడానికి టీవీ ముందు కూర్చోవడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. అంతకుముందు నాలుగేళ్లపాటు నా ఉద్యోగమంతా ఆ పదకొండు గంటల చుట్టూనే తిరిగింది. మా ప్రాంతం నుంచి ఎన్నికైన ఒక సభ్యుని దగ్గర ఢిల్లీలో సహాయకునిగా పనిచేశాను. నార్త్ ఎవెన్యూలోని ఆయన క్వార్టర్లో ముందు గదే మా ఆఫీసు. ఒక ప్రశ్న పుట్టిన దగ్గర నుంచి దాని జవాబు అచ్చులోకి వచ్చేదాకా నడిచే దారిని నేను ఆ గదిలోనే నేర్చుకున్నాను. సభ వాయిదా పడిందన్న వార్త వచ్చినప్పుడల్లా, "పోనీ లెండి, జవాబులు ఎలాగూ రాతపూర్వకంగా వచ్చేస్తాయి కదా" అని నా మిత్రులు కొందరు అంటుంటారు. ఆ మాటకు తీరిగ్గా సమాధానం చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్ర గుర్తు ఉంటుంది. వాటికి మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి. మరో 230 ప్రశ్నలకు ఆ గుర్తు ఉండదు, వాటి జవాబు కాగితం మీదే వస్తుంది. ఒక సభ్యునికి ఒక రోజు జాబితాలో నక్షత్ర గుర్తు ప్రశ్న ఒకటికి మించి దక్కడం అరుదు. నోటీసు కనీసం 15 రోజుల ముందు అందాలి. మంత్రిత్వ శాఖలను బృందాలుగా విభజించి ఒక్కో బృందానికి వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు కాబట్టి, సోమవారం జవాబు చెప్పే శాఖను బుధవారం అడగడానికి వీలుండదు. జాబితాలో ఎవరి ప్రశ్న ఎన్నో స్థానంలో ఉంటుందో బ్యాలట్‌లో, అంటే లాటరీలో, తేలుతుంది. మొదటి ఐదారు స్థానాల్లో పడితేనే సభలో దాని వంతు వస్తుందన్న ఆశ ఉంటుంది. 2019 నవంబరు 27న మొత్తం 20 ప్రశ్నలూ సభలో ప్రస్తావనకు వస్తే, 1972 తరువాత ఇలా జరగడం ఇదే మొదటిసారి అని పత్రికలు ప్రత్యేకంగా రాశాయి. గంటలో 20 ప్రశ్నలు పూర్తికావడం అంత అపురూపమన్నమాట.

నేను రాసిన మొదటి నోటీసు మా వైపు ఏళ్లుగా పిల్లర్ల దగ్గరే ఆగిపోయిన ఒక వంతెన గురించి. వానాకాలంలో బడిపిల్లలు ట్రాక్టరు ఎక్కి వాగు దాటే చోటు అది. ఆవేశంతో "ప్రజల ఇబ్బందులను ప్రభుత్వం ఎందుకు నిర్లక్ష్యం చేస్తున్నది?" అని రాసి మా సభ్యుడైన పెద్దాయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి కాగితం తిరిగి ఇచ్చేశారు. "బాబూ, ప్రశ్నలో వాదన ఉండకూడదని నిబంధన ఉంది, ఇది అక్కడే ఆగిపోతుంది. ఒకవేళ దాటినా, నిర్లక్ష్యం అని నువ్వు రాస్తే ‘లేదు’ అన్న ఒక్క మాటతో మంత్రి బయటపడతాడు. మంజూరు చేసిన తేదీ అడుగు. ఎంత డబ్బిచ్చారో అడుగు. ఎంత ఖర్చయిందో అడుగు. పని ఆగిన తేదీ అడుగు. ఆ నాలుగూ పక్కపక్కన పెడితే నిర్లక్ష్యమో కాదో చదివినవాడికే తెలుస్తుంది" అన్నారు. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. ఊహాగానం, అభిప్రాయం, ఆరోపణ పనికిరావు. రాష్ట్ర ప్రభుత్వం పరిధిలోని విషయమైతే తిరస్కరిస్తారు. ఈ హద్దులన్నిటి మధ్య నుంచి ఒక నిజాన్ని లాగడానికి ఎంత నేర్పు కావాలో నాకు ఆరోజే తెలిసింది. ఆ నోటీసును నేను ఏడుసార్లు తిరగరాశాను.

జవాబులకు ఒక ప్రత్యేకమైన భాష ఉంది. కొన్ని వందల జవాబులు చదివితే గాని అది అర్థం కాదు. నాలుగు భాగాలుగా అడిగిన ప్రశ్నకు నాలుగింటినీ కలిపి ఒకే పేరా వస్తే, అందులో ఏదో ఒక భాగం జారిపోయిందని అనుమానించాలి. "సమాచారాన్ని సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అంటే ఆ రోజుకు జవాబు లేనట్టే. అయితే ఆ మాట అంతటితో గాలికి పోదు. సభలో మంత్రి "పరిశీలిస్తాం", "సమాచారం తెప్పిస్తాం" అని చెప్పినవాటిని హామీలుగా లెక్కగట్టి, మూడు నెలల్లో నెరవేర్చారో లేదో చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. లోక్‌సభలో అందులో 15 మంది సభ్యులు ఉంటారు. పత్రికల్లో దాని పేరు దాదాపుగా కనిపించదు. నా దృష్టిలో మాత్రం పార్లమెంటు మొత్తంలో సామాన్యునికి అంతకంటే దగ్గరైన కమిటీ లేదు, ఎందుకంటే చెప్పిన మాటను గుర్తుపెట్టుకుని మళ్లీ అడగడమే దాని పని.

ఇక "ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్న మాట. మొదటి భాగానికి "లేదు" అని జవాబిస్తే, తరువాతి భాగాలన్నిటికీ ఇదే జవాబు. 2020 సెప్టెంబరు 14న కార్మిక శాఖ లోక్‌సభకు ఇచ్చిన రాతపూర్వక సమాధానం గుర్తు తెచ్చుకోండి. లాక్‌డౌన్‌లో సొంత ఊళ్లకు తిరిగివెళ్తూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని సభ్యులు అడిగారు. అలాంటి సమాచారం నిర్వహించడం లేదు కాబట్టి పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదని ప్రభుత్వం చెప్పింది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వలస పోయినవారి కుటుంబాలు కూడా ఆ జవాబును పత్రికల్లో చదివాయి. కొవిడ్ కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని పూర్తిగా తొలగించి, రాతపూర్వక జవాబులను మాత్రమే కొనసాగించారు. జవాబు అచ్చయి వచ్చింది, నిజమే. కాని "ఆ లెక్క ఎందుకు తీయలేదు? తీయవద్దని ఎవరు నిర్ణయించారు?" అని అదే నిమిషంలో లేచి మంత్రిని అడిగే అవకాశం ఆ సమావేశాల్లో ఒక్క సభ్యునికీ లేకపోయింది.

నా మిత్రుల మాటకు నేను చెప్పదలచుకున్న సమాధానం ఇదే. నక్షత్ర గుర్తు ప్రశ్నకు రాతపూర్వక జవాబు సభ మొదలయ్యేలోపే సభ్యుని చేతికి అందుతుంది. స్పీకర్ పేరు పిలిచాక సభ్యుడు లేచి ప్రశ్న సంఖ్య చెబుతాడు, వివరణను సభ ముందు ఉంచామని మంత్రి చెబుతాడు. అక్కడికి అర నిమిషం కూడా పట్టదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ప్రశ్న వేసిన సభ్యునికి రెండు అనుబంధ ప్రశ్నలు అడిగే హక్కు ఉంది, ఆ తరువాత స్పీకర్ అనుమతితో మిగతావారూ అడగవచ్చు. వీటికి ముందస్తు నోటీసు ఉండదు. శాఖ అధికారులు వచ్చే అవకాశమున్న అనుబంధ ప్రశ్నలన్నీ ఊహించి మంత్రికి దస్త్రం తయారుచేసి ఇస్తారు, తామూ అధికారుల గ్యాలరీలో కూర్చుని అవసరమైతే చీటీ అందిస్తారు. అయినా ఆ క్షణంలో మాట్లాడవలసింది మంత్రే. రోజంతా సభలో జరిగే పనుల్లో మంత్రి తన శాఖను నిజంగా చదివాడో లేదో బయటపడేది ఈ ఒక్క గంటలోనే. బిల్లు మీద ప్రసంగాన్ని ఎవరైనా రాసివ్వవచ్చు, అనుబంధ ప్రశ్నకు ఆ వెసులుబాటు లేదు.

దీనికి చరిత్రలో పెద్ద సాక్ష్యమే ఉంది. జీవిత బీమా సంస్థ ఏర్పడిన మరుసటి ఏడాది, 1957లో, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన కంపెనీల్లో ఆ సంస్థ వాటాలు కొనడంపై లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. వచ్చిన జవాబుతో తృప్తిపడని ఫిరోజ్ గాంధీ దాన్ని వదలలేదు. తాను అధికార పక్షంలోనే ఉండి కూడా డిసెంబరు 16న ఆయన చేసిన ప్రసంగం ప్రభుత్వాన్ని విచారణకు ఒప్పించింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి పదవి వదిలారు. మొదటి జవాబు కాగితం మీద వచ్చి అక్కడితో ఆగిపోయి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

పన్నెండు గంటల తరువాత సభ తీరు మారిపోతుంది. మంత్రులు వార్షిక నివేదికలు, నోటిఫికేషన్లు సభకు సమర్పిస్తారు, ఆపైన సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్, ఒంటిగంటకు భోజన విరామం, రెండింటి నుంచి బిల్లులు. కోరం, అంటే సభ నడవడానికి ఉండవలసిన కనీస సంఖ్య, 55 మంది. సాయంత్రం పూట అంతమంది లేక గంట మోగించిన రోజులు నేను చూశాను. ఓటింగ్ కోరినప్పుడు మోగే గంట వేరు. మూడున్నర నిమిషాలు అది మోగి ఆగాక లాబీల తలుపులు మూసేస్తారు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269కి 270తో ఓడిపోయినప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది మన అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి గారే. అంతటి ఉద్రిక్తతలోనూ లెక్క లెక్కలాగే జరిగింది. అదే లోక్‌సభలో 2014 ఫిబ్రవరి 18న, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా, ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. ఆ బిల్లు కావాలన్నవారూ వద్దన్నవారూ మన తెలుగువాళ్లలో ఉన్నారు, ఆ చర్చ ఇక్కడ నా ఉద్దేశం కాదు. కాని అంత పెద్ద నిర్ణయానికి ఎవరు అటు, ఎవరు ఇటు అన్న పేర్లు రికార్డులో ఉండి ఉంటే ఇరువైపులవారికీ గౌరవంగా ఉండేదని నేను నమ్ముతాను.

తొలి లోక్‌సభ తన ఐదేళ్లలో 677 రోజులు కూర్చుంది. 2019లో ఏర్పడిన 17వ లోక్‌సభ కూర్చున్నది 274 రోజులే. చర్చల్లో ఈ అంకెలను బిల్లుల లెక్కతో పోలుస్తుంటారు. నాకు మాత్రం అవి ప్రశ్నోత్తరాల గంటలుగానే కనిపిస్తాయి, ఎందుకంటే సభ కూర్చోని రోజున మంత్రిని నిలదీసే గంట కూడా ఉండదు. కూర్చున్న రోజుల్లోనూ ముందుగా బలయ్యేది ఆ గంటే. నిరసన తెలపదలచినవారు సభ మొదలవగానే తెలపాలనుకుంటారు, సభ మొదలయ్యేదే ప్రశ్నలతో. ఈ ఇబ్బంది తప్పించడానికి రాజ్యసభ 2014లో ప్రశ్నోత్తరాలను మధ్యాహ్నం పన్నెండుకు మార్చింది. కొన్నాళ్లకు గొడవ కూడా పన్నెండుకు జరిగింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏది ప్రతిపక్షంలో ఉన్నా ఈ విషయంలో తేడా నాకు కనబడలేదు. నిరసన హక్కును నేను కాదనను. ప్రభుత్వం చర్చకు ఒప్పుకోనప్పుడు ప్రతిపక్షానికి మిగిలేది గొంతే. అయితే ఆ గొంతుతో ప్రశ్నల గంటను ఆపేస్తే, ఊపిరి పీల్చుకునేది జవాబు చెప్పవలసిన మంత్రే.

మా వంతెన ప్రశ్న చివరికి రెండో సమావేశాల్లో బ్యాలట్‌లో మూడో స్థానంలో పడింది. ముందురోజు రాత్రి పదకొండు దాటేదాకా పెద్దాయన అనుబంధ ప్రశ్నలు సాధన చేశారు. ఆయన తెలుగులోనే అడుగుతానన్నారు. మాతృభాషలో మాట్లాడడానికి రాజ్యాంగం 120వ అధికరణం అవకాశం ఇస్తోంది కాబట్టి, అనువాదకులు సిద్ధంగా ఉండేలా ముందుగానే తెలియజేశాను. "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే" అని ఒకచోట రాసుకుని, అనువాదంలో అది పోతుందని తానే కొట్టేశారు. చిన్న వాక్యాలు, ఒక్కో వాక్యానికి ఒక్కో సంగతి, అలా మార్చుకున్నారు.

ఉదయం జవాబు అందింది. మంజూరు తేదీ ఉంది, విడుదలైన మొత్తం ఉంది, ఖర్చయింది అందులో నాలుగో వంతు కూడా లేదు. పని ఆగిన కారణం దగ్గర "భూసేకరణ ప్రక్రియ వివిధ దశల్లో ఉంది" అని ఉంది. ఇప్పుడు సంవిధాన్ సదన్ అని పిలుస్తున్న ఆ పాత గుండ్రటి భవనంలో నేను సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. పెన్ను కూడా వెంట తేనివ్వరు కాబట్టి చేతులు కట్టుకుని చూస్తున్నాను. మొదటి ప్రశ్నకు పేరు పిలవగానే పదిహేను ఇరవై మంది స్పీకర్ స్థానం ముందున్న వెల్‌లోకి వచ్చారు. బల్ల దగ్గర కూర్చున్న శీఘ్రలిపి రిపోర్టరు తల పైకెత్తకుండా రాసుకుంటూనే ఉంది, ఆమె తలకు జానెడు దూరంలో ప్లకార్డులు ఊగుతున్నాయి. స్థానాల్లోకి వెళ్లమని స్పీకర్ రెండుసార్లు కోరారు. సభ పన్నెండింటికి వాయిదా పడేసరికి గోడ గడియారంలో పదకొండు దాటి ఆరు నిమిషాలయింది. కింద పెద్దాయన తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకోవడం నాకు కనిపించింది.

మరునాటి రికార్డులో మా ప్రశ్న, దాని జవాబు అక్షరం పోకుండా అచ్చయ్యాయి. ఆయన మడిచిన కాగితం మాత్రం అందులో లేదు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని మీద ఆయన చేతిరాతతో రెండు ప్రశ్నలున్నాయి. "భూసేకరణ ఏ దశలో ఉందో గ్రామాలవారీగా మంత్రిగారు ఇప్పుడే చెప్పగలరా? మిగిలిన డబ్బు ఏ ఖాతాలో, ఏ తేదీ నుంచి ఉంది?"