వెనకబడినవాళ్ళతో హర్ కీ దూన్ దాకా

తాలూకా అనే ఊళ్ళో జీపు దిగగానే మా గైడ్ అందరినీ వరుసలో నిలబెట్టాడు. మాస్టారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అందరికంటే ముందు పెట్టాడు. మాస్టారు తెలుగు పండితుడిగా రిటైరయినాయన. మోకాళ్ళకు పట్టీలు, రెండు చేతుల్లో రెండు కర్రలు. “ఇక్కణ్ణుంచి ఈయన నడకే మనందరి నడక. ఈయన్ని దాటి ఎవరూ పోకూడదు” అన్నాడు గైడ్ హిందీలో. మా జట్టులో హైదరాబాద్ మారథాన్లలో పరిగెత్తే కుర్రాళ్ళున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ ఎవరూ ఏమీ అనలేదు.

హర్ కీ దూన్ ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ అభయారణ్యం లోపల, 11,700 అడుగుల ఎత్తున ఉన్న లోయ. డెహ్రాడూన్ నుంచి సాంక్రీకి రోడ్డు మీద ఒక పగలంతా పడుతుంది. దారిలో నైట్వాడ్ దగ్గర రూపిన్, సూపిన్ నదులు కలిసి టోన్స్ అవుతాయి. ఆ సూపిన్ ఒడ్డునే సాంక్రీ నుంచి తాలూకా దాకా 12 కిలోమీటర్లు జీపులో కుదుపులు తిని, అక్కణ్ణుంచి నడక మొదలుపెట్టాలి. మేం వెళ్ళింది అక్టోబర్‌లో. వానలు వెళ్ళిపోయి, మంచు ఇంకా పడని రోజులు.

నేను ఎప్పుడూ వరుస చివర్నే నడుస్తాను. అక్కడ రెండో గైడ్ ఉంటాడు, ఆయన వెనక ఇంకెవరూ ఉండరు. ఎవరు షూ లేసు కట్టుకోవడానికి ఆగినా, ఎవరు పొదల చాటుకి వెళ్ళినా వాళ్ళు వచ్చేదాకా ఆయన నిలబడాల్సిందే. ఆయనతోపాటు నిలబడితే ముందు పోయేవాళ్ళకు చిక్కనివి చిక్కుతాయి. ఏ చెట్టు దేవదారో ఏది అక్రోటో ఆయనే చూపించాడు. కంచరగాడిదలు ఎదురొస్తే కొండ వైపుకే ఒదగాలని, లోయ వైపు అస్సలు నిలబడకూడదని ఆయనే నేర్పాడు. మూటల వెడల్పు గాడిదకు తెలియదు. అది మామూలుగా పక్కనుంచి రాసుకుపోయినా మనిషి నదిలో ఉంటాడు. ఆ మూటల్లో ఉన్నవి మన డేరాలు, మన బియ్యం, మన గ్యాస్ సిలిండర్లు. పొద్దున మనం బయల్దేరాక అవి మూటగట్టుకుని, దారిలో మనల్ని దాటి, మనం చేరేసరికి టీ కాచి ఉంచేవాళ్ళ పని చూశాక “మేం ట్రెక్ చేశాం” అని చెప్పుకునేటప్పుడు ఆ ‘మేం’లో వాళ్ళనూ కలుపుకోవాలనిపించింది నాకు.

గంగాడ్ ఊరు దాటాక లోయ విప్పారింది. అవతలి గట్టున ఓస్లా ఊరి పొలాలు మెట్లుమెట్లుగా ఎర్రగా ఉన్నాయి. ఖమ్మం నుంచి వచ్చిన అక్క ముందు పూలతోటలనుకుంది. అది రామ్‌దానా, అంటే మన తోటకూర జాతి పంటే. గింజల కోసం పెంచుతారు, పండినప్పుడు కంకి అంతా ఆ రంగు తేలుతుంది. ఇళ్ళు చెక్కా రాయీ పొరలు పొరలుగా పేర్చి కట్టినవి. భూకంపాలకు తట్టుకునేది ఆ కట్టుబడే. ఊళ్ళో గుడి సోమేశ్వరుడిదని ఊరివాళ్ళంటారు. బయటివాళ్ళు మాత్రం దుర్యోధనుడి గుడి అని ప్రచారం చేశారు. మా గైడ్‌ది ఈ లోయే. ఆ మాట వింటే ఆయనకు నొప్పి. ఊరివాళ్ళ దేవుడెవరో ఊరివాళ్ళను అడిగి తెలుసుకోవాలి కదా.

సీమా దగ్గర మొదటి మకాం. పొద్దు కొండ వెనక్కి పోగానే చలి ఒక్కసారిగా మీదపడింది. చెమటకు తడిసిన కాటన్ బనియన్లు ముందు మార్చుకోమని గైడ్ ప్రతి డేరాకూ వచ్చి చెప్పాడు. కాటన్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. రాత్రి డేరా జిప్పు కొంచెం తెరిచి ఉంచమన్నాడు. చలికి భయపడి మొత్తం మూసినవాళ్ళకు తెల్లారేసరికి వాళ్ళ ఊపిరే గుడ్డ మీద నీరై, బొట్లుబొట్లుగా స్లీపింగ్ బ్యాగుల మీద రాలింది.

అన్నాల డేరాలో అందరం మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాం. పప్పు, రోటీ, స్థానిక రాజ్మా. మాస్టారి ఇంటినుంచి కరివేపాకు పొడి. సాయంత్రం నుంచి ఒక నల్లకుక్క మా వెంటే తిరుగుతోంది. మర్నాడు చూడబోయే శిఖరం పేరు స్వర్గారోహిణి. ఇక మాస్టారిని ఆపగలమా! మహాప్రస్థానిక పర్వం ఎత్తుకున్నారు. పాండవులు ఈ దారినే వెళ్ళారని ఇక్కడివాళ్ళ నమ్మకం.

“ముందు ద్రౌపది పడిపోయింది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. పడిన ప్రతిసారీ భీముడు ఎందుకని అడిగాడు. ధర్మరాజు కారణం చెప్పాడు, వెనక్కి మాత్రం తిరగలేదు. తిక్కన తెలుగులో చదివితే ఇంకా కష్టంగా ఉంటుందమ్మా.”

“ఒక్కరి కోసం కూడా ఆగలేదా మాస్టారూ?” అంది అక్క.

“ఆగలేదు. కానీ పైన ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, నా తమ్ముళ్ళూ ద్రౌపదీ లేకుండా రానన్నాడు. వెంటవచ్చిన కుక్కనూ వదలనన్నాడు.”

మర్నాడు సీమా వంతెన దాటి కల్కత్తియాధార్‌కు ఎక్కాం. నిట్టనిలువు ఎక్కుడు. రుయిన్సారా లోయ తలలో కాలానాగ్ శిఖరం తెల్లగా లేచి కనిపించింది. మారథాన్ కుర్రాళ్ళలో ఒకడు మాస్టారి వెనకే అడుగులో అడుగు వేస్తూ, “అంకుల్, ఇలా అయితే ఊపిరే ఆడటం లేదన్న బాధ లేదు” అన్నాడు. ఆగాగి పరిగెత్తేవాడికంటే ఆగకుండా మెల్లగా వెళ్ళేవాడి గుండె తేలిగ్గా పనిచేస్తుంది. ఈ ఎత్తుల్లో అది ఎవరికైనా రెండు గంటల్లో అర్థమవుతుంది.

సాయంత్రానికి అక్కకు తలనొప్పి మొదలైంది. సూప్ వద్దంది. రెండో గైడ్ వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

“అక్కా, వాంతి వచ్చేట్టుందా? నిజం చెప్పు” అన్నాను.

“కొంచెం ఉందిలే తమ్ముడూ. పొద్దుటికి తగ్గిపోతుంది. నా ఒక్కదాని కోసం అందరినీ ఆపకండి.”

కొండల్లో ప్రాణాలు పోయిన సందర్భాల్లో చాలావాటికి ముందు ఇలాంటి మాటే వినపడి ఉంటుందని నా నమ్మకం. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడనప్పుడు తలనొప్పి, వికారం ఒళ్ళు చెప్పే మొదటి కబురు. లక్షణాలు ఉండగా ఇంకా పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే, పెరుగుతుంటే కిందికి దిగడమే అసలైన మందు. మాత్రలు దాని తర్వాతే. గైడ్ వాదించలేదు, బతిమాలలేదు. ఇంకా వెలుగుండగానే అక్కనూ, తోడుగా రెండో గైడ్‌నూ సీమాకు పంపించేస్తానన్నాడు. మారథాన్ కుర్రాళ్ళిద్దరు తామూ వెళ్తామని లేచారు. “పైకి మళ్ళీ వస్తాంలే, అన్నా. ఆమెకు తెలుగు మాట్లాడే మనిషి పక్కన ఉండాలి” అన్నాడు ఒకడు. తాలూకాలో వాళ్ళ మొహాల మీద నేను చూసిన అసహనం గుర్తొచ్చి, వాళ్ళ మీద గౌరవం రెట్టింపయింది.

మిగిలినవాళ్ళం మర్నాడు హర్ కీ దూన్ చేరాం. భోజపత్ర చెట్ల తెల్లటి బెరడు, పండి రాగిరంగు తిరిగిన గడ్డి, మధ్యలో చీలికలై పారే ఏరు, ఎదురుగా 6,252 మీటర్ల స్వర్గారోహిణి. మాస్టారు ఒక బండ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, “ఇంత దగ్గరగా చూశాక, తమ్ముళ్ళు లేకుండా రానన్నది ఎంత పెద్ద మాటో తెలిసింది” అన్నారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో, అంటే ఈ ఎత్తయిన పచ్చికమైదానాల్లో, రాత్రి మకాంలు నిషేధించింది. ఈ గడ్డి ఒకసారి తొక్కుడుపడి నశిస్తే తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. మధ్యాహ్నానికే వెనుదిరిగాం. దారిలో బిస్కెట్ కాగితాలు ఏరి సంచిలో వేసుకుంటూ దిగాం. అందులో సగం మన దేశపు పిల్లలందరికీ తెలిసిన కంపెనీలవే. వాటిని మోసుకొచ్చినవాళ్ళకు ఖాళీ కాగితం మోయడం ఎందుకు బరువైందో నాకిప్పటికీ అర్థం కాదు.

సీమాలో అక్క మాకోసం గేటు దగ్గరే నిలబడి ఉంది. దిగిన రాత్రే తలనొప్పి వదిలిందట. తర్వాతి రోజంతా ఓస్లా ఆడవాళ్ళతో కూర్చుని రామ్‌దానా కంకులు దులిపిందట. అరచేతులు చూపించింది, గులాబి రంగులో ఉన్నాయి. ఒక సంచిలో గింజలు కొనుక్కుంది కూడా. కుర్రాళ్ళు హిందీకీ తెలుగుకూ మధ్య దుబాసీలుగా పనిచేశారు. ఆ ఇంట్లో తిన్న రాజ్మా గురించి ఇద్దరూ ఇంకా చెబుతూనే ఉన్నారు.

రాబోయే మే నెలలో మళ్ళీ వెళ్తున్నాం, అక్కా కుర్రాళ్ళిద్దరితో. ఈసారి సీమాలో రెండు రాత్రులు, కల్కత్తియాధార్‌లో రెండు రాత్రులు. ఖర్చు పెరుగుతుంది, సెలవులూ ఎక్కువ పెట్టాలి. అయినా గైడ్‌కు ఫోన్ చేసి అలాగే ఖాయం చేశాం. మాస్టారు కొత్త మోకాలి పట్టీలు కొన్నారు.