155ని 2తో భాగిస్తే 63 ఎలా వచ్చింది బాబాయ్

గల్ఫ్‌లో టెలికాం ట్రాన్స్‌మిషన్ ఉద్యోగం ఇంటర్వ్యూ అంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది, ఎస్‌టీఎం-1లో ఈ-1లు ఎన్ని అని. ఎస్‌టీఎం-1 అంటే సెకనుకి 155 మెగాబిట్లు మోసే పెద్ద లైను, ఈ-1 అంటే దాంట్లో పెట్టే 2 మెగాబిట్ల చిన్న లైను. మా రాజోలు వైపు డిప్లొమా చేసిన కుర్రాళ్ళు 63 అని టక్కున చెప్పేస్తారు, ఎందుకు 63 అంటే మాత్రం నోరు విప్పరు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు మా వీధి కుర్రాడొకడు మస్కట్ ఇంటర్వ్యూ ఉందని వచ్చి కూర్చున్నాడు, "155ని 2తో భాగిస్తే 77 రావాలి కదా బాబాయ్, మిగతా 14 ఏవి?" అన్నాడు. ఆ అనుమానం వచ్చిందంటే పనికొచ్చే కుర్రాడే, ఆయ్.

ముందు ఈ-1 సంగతి చూడాలి. మన మాటని సెకనుకి 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతకి 8 బిట్లు ఇస్తే 64,000 బిట్లు, అదొక ఛానల్. అలాంటివి 32 కలిపితే 2.048 మెగాబిట్లు. ఇక్కడ కిలో అంటే అచ్చంగా వెయ్యే, కంప్యూటర్ మెమరీలో వాడే 1024 కాదు, చాలామంది 2048 అంకె చూసి అక్కడే పడిపోతారు. ఒక్కో ఛానల్ వంతు ఒక స్లాట్, 32 స్లాట్లు ఒక చుట్టు తిరిగితే ఒక ఫ్రేము. 32లో సున్నా నెంబరు స్లాట్ ఫ్రేము గుర్తుపట్టడానికి పోద్ది, 16వది మామూలుగా సిగ్నలింగ్‌కి, అంటే కాల్ కలపడం, తెంపడం కబుర్లకి, మాట్లాడుకోడానికి మిగిలేవి 30.

దాళ్వాలో నీళ్ళు తక్కువైతే కాలవ కింద వంతులు పెడతారు కదా, అలాగే అనుకోరా అన్నాను. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు తూము ఎత్తినా ఎత్తకపోయినా ఆ టైము నీదే, పక్కోడికి పోదు. పాత లైన్లన్నీ ఇంతే, ఎవరూ మాట్లాడకపోయినా స్లాట్ ఖాళీగా పోతానే ఉంటది.

ఇప్పుడు 63. ఒక్కో ఈ-1 ఒక్కో చోట నుంచి, ఒక్కో గడియారం మీద వస్తది, ఒకటి కాస్త స్పీడు, ఒకటి కాస్త నెమ్మది. వాటన్నిటినీ ఒకే లైన్‌లో పెట్టాలంటే ప్రతిదానికీ కొంచెం వదులు ఉంచాలి, పైగా ఏది ఎక్కడ మొదలైందో చెప్పే పాయింటర్లు కావాలి. అందుకని ఎస్‌డీహెచ్‌లో, అంటే ఈ ఎస్‌టీఎంలు నడిచే పద్ధతిలో, ఒక్కో ఈ-1కి 2.048 కాదు, 2.304 మెగాబిట్ల చోటు కేటాయిస్తారు. మూడు ఈ-1లు ఒక గుంపు, ఏడు గుంపులు ఇంకో గుంపు, అలాంటివి మూడు, 3×7×3 అంటే 63. దానికే 145 దాటింది, మిగతాది ఓవర్‌హెడ్, అంటే లైను నడపడానికే పోయే బిట్లు, తినేసింది. 155.52 అంకె కూడా గాల్లోంచి రాలేదు, ఎస్‌టీఎం-1 ఫ్రేము అంటే 9 వరసలు 270 నిలువులు, ఒక్కో గడిలో 8 బిట్లు, సెకనుకి 8000 సార్లు, కావాలంటే ఫోన్లో గుణించుకో అన్నాను, అక్కడే గుణించేశాడు కూడా.

డల్లాస్‌లో ఉన్న మా బావ ఈ-1 బదులు టీ-1 అంటాడు, వాళ్ళది వేరే లెక్క. 24 ఛానళ్ళు, 192 బిట్లు, ఫ్రేమ్‌కి ఇంకో బిట్ కలిపి 193, ఇంటూ 8000, 1.544 మెగాబిట్లు. పైగా పాత పద్ధతిలో సిగ్నలింగ్ కోసం ప్రతి ఆరో ఫ్రేమ్‌లో మాట బిట్లలోంచే ఒకటి లాగేసుకునేవాళ్ళు, అందుకే అక్కడ డేటాకి 64 బదులు 56 కిలోబిట్లే నమ్మకంగా వచ్చేవి. అక్కడి కాల్ ఇటువైపు రావాలంటే మాటని 8 బిట్లలోకి కుదించే వాళ్ళ పద్ధతి మ్యూ-లా నుంచి మన పద్ధతి ఏ-లాకి మార్చాలి, ఆ మార్చే పని మ్యూ-లా వాడే దేశాలదేనని రూల్. మా బావకి ఈ మాట చెప్తే ఒప్పుకోడు, అది వేరే విషయం.

అసలు తలనొప్పి కొత్తదాన్ని పాతదాంట్లో పెట్టేటప్పుడు. కస్టమర్ 100 మెగాబిట్ల ఈథర్నెట్ అడిగాడు, కింద ఉన్నది ఎస్‌డీహెచ్. ఎస్‌టీఎం-1లో సరుకు పెట్టే పెద్ద డబ్బా వీసీ-4, అది మొత్తం ఇచ్చేస్తే 149.76, మూడో వంతు దండగ. అందుకని ఒక్కో ఈ-1 పట్టే చిన్న డబ్బాలు, వీసీ-12లు 46 కలిపి కడతాం, సరుకుకి మిగిలేది ఒక్కోదాంట్లో 2.176, మొత్తం 100.096, సరిగ్గా సరిపోద్ది. గిగాబిట్‌కి ఏడు వీసీ-4లు, 1048.32. అందుకే 2.5జీ అని పిలిచే ఎస్‌టీఎం-16లో 16 వీసీ-4లుంటే గిగాబిట్ లింకులు రెండే పడతాయి, రెండు వీసీ-4లు మిగులుతాయి. సేల్స్ వాళ్ళు రెండున్నర అని అమ్మేసొస్తారు, సైట్‌లో సమాధానం చెప్పుకునేది మేము.

ఇప్పుడు ఉల్టా పని ఎక్కువైంది, పాత ఈ-1ని ప్యాకెట్లలో పెట్టి పంపడం. "ఇంకా ఈ-1లెందుకు బాబాయ్, తీసేయొచ్చు కదా" అన్నాడు. కరెంటు సబ్‌స్టేషన్‌లో ఫాల్ట్ పట్టే రిలేలు, ఆఫీసుల్లో పాత ఫోన్ ఎక్స్ఛేంజీలు, అదే ఈపీఏబీఎక్స్‌లు, వాటి మీదే నడుస్తన్నాయి, రిలేకి స్పీడ్ కన్నా ప్రతిసారీ ఒకటే ఆలస్యం కావాలి. ఈ-1 డేటాని 256 బైట్లకి ఒక ప్యాకెట్ చేసి పంపుతాం అనుకుంటే సెకనుకి సరిగ్గా 1000 ప్యాకెట్లు. ప్యాకెట్ ఏ దారిన పోవాలో చెప్పే ఎంపీఎల్ఎస్ లేబుళ్ళు, ముందు తగిలించే ఈథర్నెట్ హెడర్, ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ మధ్య ఖాళీ కలిపితే లైన్ మీద దాదాపు 2.45 మెగాబిట్లు అవుద్ది. ఆలస్యం తగ్గించాలని ప్యాకెట్ చిన్నది చేస్తే హెడర్ల ఖర్చు ఇంకా పెరుగుద్ది. లింకు 10 మెగాబిట్లయితే ఐదు కాదు, నాలుగే ఈ-1లు పెట్టాలి. అదీ రెండు చివర్లా క్లాక్ ఒకటయితేనే, లేకపోతే బఫర్ నిండో, ఖాళీ అయ్యో మధ్యమధ్యలో ఎర్రర్లు వస్తానే ఉంటాయి, చెయ్యి పెట్టి చూస్తే కేబుల్ బానే ఉంటది, పోర్ట్ బానే ఉంటది. ఎర్రర్ చూడగానే కేబుల్ మార్చకు, ముందు క్లాక్ సోర్స్ చూడు అని చెప్పి పంపించాను.