మోటరు 2లో, నేను 3లో

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర, అనంతపురం.

ఉదయం ఏడు గంటలు కాకముందే నాయన వచ్చి తలుపు తట్టాడు. ఫోను చేయకుండా ఆయన ఊరినుంచి ఎప్పుడూ బయలుదేరడు. ఈసారి చేయడానికి ఫోనే లేదు. శుక్రవారం చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు ఫిల్టరు కడగడానికి వంగితే, చొక్కా జేబులోనుంచి జారి నీళ్ల తొట్టిలో పడిందట. ఎండలో పెట్టారు, రాత్రంతా బియ్యం డబ్బాలో పాతిపెట్టారు, అయినా వెలగలేదు. వెనక మూత, బ్యాటరీ, మీటలున్న ముందు భాగం మూడింటినీ తువ్వాలు కొసకు కట్టుకొని వచ్చి, ఆ మూట విప్పి నా బల్ల మీద వరుసగా పరిచాడు. ఏడేళ్లు వాడిన ఫోను. మీటల మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఏ అంకె ఎక్కడుందో ఆయన వేళ్లకు మాత్రమే తెలుసు.

దాచడమెందుకు, నాకు లోలోపల సంతోషమే కలిగింది. రెండేళ్లుగా ఆయన చేతిలో టచ్ ఫోను పెట్టాలని నేనూ, బెంగళూరులో ఉన్న చెల్లెలూ చేయని ప్రయత్నం లేదు. ఇప్పుడు పాతది తనంతట తానే దారి వదిలింది. కాఫీ తాగుతూనే నా వాదన మొదలుపెట్టాను. కాయల మీద మంగు మచ్చలు కనిపిస్తే ఫొటో తీసి ఉద్యానశాఖ వాళ్లకు అప్పటికప్పుడే పంపవచ్చు. చీనీ ధర ఎంత పలికిందో మార్కెట్ యార్డుకు పోయి వచ్చినవాళ్లను అడగకుండా పొద్దున్నే చూసుకోవచ్చు. 2025 జనవరి నుంచి రాష్ట్రంలో మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనే అందుతున్నాయి కనుక చిన్న చిన్న కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మనవడు రోజూ కంటికి కనిపిస్తాడు. నాయన అన్నీ విని, "సరే, పోయి చూద్దాం పా" అన్నాడు. ఆయన అంత సులభంగా సరేనంటే అనుమానించాలని నాకు ఇన్నేళ్లకైనా తెలిసి ఉండవలసింది.

టవర్‌క్లాక్ దగ్గర నాకు తెలిసిన అంగడి ఒకటి ఆదివారం కూడా తీసే ఉంటుంది. పిల్లవాడు తొమ్మిది వేలలోపు టచ్ ఫోన్లు నాలుగు తీసి వరుసగా పెట్టి, ఎన్ని కెమెరాలు, ఎంత మెమరీ, బ్యాటరీ ఎన్ని వేల ఎంఏహెచ్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. నాయన వాటిలో ఒకదాన్ని చేతిలోకి తీసుకొని, బజారులో ఉల్లిగడ్డను చూసినట్లు తిప్పి తిప్పి చూసి, వేలు పంచెకు తుడుచుకొని తెర మీద నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. మూడోసారికి ఏదో తెరుచుకుంది కానీ అది ఆయన కోరినది కాదు.

ఇందులో ఆయన తప్పు ఏమీ లేదు. టచ్ తెర వేలి బలాన్ని చూడదు. చర్మం తగిలినచోట తెరలోని విద్యుదావేశంలో కలిగే చిన్న మార్పును పట్టుకుంటుంది. నలభై ఏళ్లు పార పట్టి, కొనలు కాయకట్టి ఎండిపోయిన వేళ్ల నుంచి ఆ మార్పు దానికి సరిగా అందదు, తడి ఉంటేనేమో నీటి చుక్కను కూడా వేలనుకొని గందరగోళపడుతుంది. వేలిముద్ర యంత్రం దగ్గర కూడా ఆయనకు ఇదే తంటా. ఒక వేలు పడకపోతే ఇంకొకటి, కుడిచేయి కాకపోతే ఎడమచేయి అంటూ పది వేళ్లూ వరుసగా పెట్టి చూడవలసి వస్తుంది.

"ఏమప్పా, దీంట్లో ఐదు యాడుంది?" అని అడిగాడు నాయన.

పిల్లవాడికి అర్థం కాలేదు. "అంకెలు తెర మీద వస్తాయి పెద్దాయనా, ఫోన్ చేసేటప్పుడు" అన్నాడు.

"అట్ల కాదు. చీకట్లో ఐదు యాడుందో ఎట్ల తెలుస్తుంది?"

అప్పుడు తట్టింది నాకు. మీటల ఫోనులో 5 మీద చిన్న బొడిపె ఉంటుంది. దాని మీద బొటనవేలు ఆనితే చాలు, పైన 2, కింద 8, పక్కన 4, 6 వాటంతట అవే దొరుకుతాయి. ఆ బొడిపె గురించి నేను ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాయనకు అదే ఫోనుకు నడిబొడ్డు. రాత్రిపూట తోటకు పోయేటప్పుడు ఒక చేతిలో కట్టె ఉంటుంది, రెండో చేతిలో ఫోను టార్చి వెలుగుతూ ఉంటుంది, చూపు మాత్రం దారిలో పామేదైనా ఉందా అన్నదాని మీదే ఉంటుంది. 2003లో నోకియా వాళ్లు 1100 అనే ఫోనును టార్చితో, దుమ్ము దూరని రబ్బరు మీటలతో తెచ్చినప్పుడు అది ప్రపంచమంతటా ఇరవై ఐదు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మా ఇంటికి వచ్చిన మొదటి ఫోను కూడా అదే. దానిలో కెమెరా లేదు, రంగుల తెర లేదు, కానీ మట్టి చేతులతో చీకట్లో వాడే మనిషి ఒకడు ఉంటాడని తయారుచేసినవాళ్లు ముందే ఊహించారు. నా జేబులోని ఫోను తయారుచేసినవాళ్లు ఆ మనిషిని ఎన్నడైనా తలచుకున్నారా అన్నది నా అనుమానం.

అయినా నేను వెంటనే ఒప్పుకోలేదు. అలవాటైతే అదే వస్తుందని మళ్లీ మొదలుపెట్టాను. నాయన వాదించలేదు, నా ఫోను ఇమ్మని చెయ్యి చాపాడు.

ఇక్కడ మోటరు సంగతి రాసుకోవాలి. వ్యవసాయానికి త్రీఫేజు కరెంటు పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తారు. పోయి, మళ్లీ వచ్చిన ప్రతిసారీ మోటరు వేయడానికి ఊరినుంచి తోటదాకా రెండు కిలోమీటర్లు నడవలేక నాలుగేళ్ల కింద సెల్ స్టార్టరు పెట్టించాడు. అందులో ఒక సిమ్ము ఉంటుంది. ఆ నంబరుకు ఫోను చేస్తే అది ఎత్తి పలుకుతుంది. 1 నొక్కితే మోటరు తిరుగుతుంది, 2 నొక్కితే ఆగుతుంది, కరెంటు లేకపోతే లేదని చెబుతుంది. ముందుగా నమోదు చేసిన నంబర్ల మాటే వింటుంది. మా స్టార్టరులో నాయన నంబరుతోపాటు నాదీ ఉంది.

అంగట్లోనే నిలబడి, మోటరు నంబరును జ్ఞాపకం నుంచి చెప్పి నా చేత నా ఫోనులో నొక్కించి, ఫోను తీసుకొని చెవికి ఆనించుకున్నాడు. స్టార్టరు పలికింది. ఆయన ఫోనును చెవి నుంచి దించి చూసేసరికి తెర చీకటిగా ఉంది, ఎందుకంటే చెవి దగ్గరికి వచ్చినప్పుడు పొరపాటున ఏదీ నొక్కుకోకుండా టచ్ ఫోను తన తెరను తానే ఆర్పేసుకుంటుంది. అది వెలిగేదాకా ఆగాలి, అంకెల గుర్తు ఎక్కడుందో వెతకాలి, దాన్ని తాకితే అంకెలు పైకి వస్తాయి, అప్పుడు 1 తాకాలి. ఆయన అంకెల దాకా చేరేలోపే అవతల స్టార్టరు ఫోను పెట్టేసింది. రెండోసారీ అంతే. మూడోసారి నేనే నొక్కాను, ముప్పై కిలోమీటర్ల అవతల మోటరు తిరిగింది. నాయన నవ్వలేదు, గెలిచానన్న ముఖమూ పెట్టలేదు. "నువ్వు దినామూ నా పక్కన ఉంటే ఇదే కొనొచ్చు" అన్నాడు.

ఆ తరువాత బేరం చకచకా సాగింది. పదమూడు వందలకు వచ్చే మీటల ఫోను 2జీ మాత్రమేనని, 2జీ సేవే లేని జియో సిమ్ము అందులో పనిచేయదని, రెండు వేల చిల్లర పెడితే 4జీ మీటల ఫోను వస్తుందని పిల్లవాడు నిజాయితీగానే చెప్పాడు. నాయనది ఆ కంపెనీ సిమ్ము కాదు కానీ, రేపు మార్చుకోవలసి వస్తే ఇబ్బంది ఉండకూడదని రెండోదే తీసుకున్నాం. ఆయన దాన్ని పరీక్షించిన తీరు చూడవలసిందే. రోడ్డు మీదికి తీసుకుపోయి బస్సు హారన్ల మధ్య గంట మోగించాడు, ఎండలో తెర కనిపిస్తుందా అని నీడ లేనిచోట నిలబడి చూశాడు, టార్చికి వేరే మీట ఉందా, మెనూలోకి పోవాలా అని అడిగాడు, చివరికి తోట షెడ్డులో ఉన్న సన్నపిన్ను చార్జరు దీనికి పట్టదని తెలిసి, "చార్జరు బాగనే ఉంది కదా, దాన్నేం జేయల్ల?" అని నిజంగా బాధపడ్డాడు. నా తొమ్మిది వేల ఫోను కొనేటప్పుడు నేను అడిగిన ప్రశ్నలు ఇందులో సగం కూడా ఉండవు. నాలుగు కెమెరాలున్నాయని కొన్నాను. ఇప్పటికీ ఏది దేనికో తెలియదు.

మీటల ఫోనుతో కూడా డబ్బు పంపవచ్చని, 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు అలాంటి ఫోన్ల కోసమే యూపీఐ 123పే తెచ్చిందని చెప్పాను. "అది నీ దగ్గరే ఉండనీలే" అన్నాడు. పెళ్లి పత్రిక అని వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్ల కథలు ఊళ్లో ఆయన చాలా విన్నాడు. తన ఫోనులో అలాంటిది తెరుచుకోదు కనుక నిశ్చింతగా ఉన్నాడు; ఓటీపీ అడిగేవాళ్లు మీటల ఫోనుకూ చేస్తారు కనుక నేను అంత నిశ్చింతగా లేను. అదే మాట రెండుసార్లు చెప్పి పంపాను.

మధ్యాహ్నమంతా నంబర్లు ఎక్కించడంతోనే సరిపోయింది. పాత ఫోనులో నంబర్లన్నీ ఫోను మెమరీలోనే ఉండిపోయి దానితోపాటే పోయాయి. ఈసారి సిమ్ములో దాచుదామని కూర్చున్నాను. నాయన చొక్కా లోపలి జేబులోనుంచి నూనె మరకల చిన్న నోటుపుస్తకం తీసి ఒక్కొక్కటే చదువుతుంటే నేను తెలుగులో కొట్టాను, ఎందుకంటే ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు. ఒక్కో అక్షరానికి ఒకే మీటను మూడు నాలుగుసార్లు నొక్కాలి. "ట్రాక్టరు" అని రాయడానికి ఎన్ని నొక్కులు పట్టాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాటాక మానుకున్నాను. ఎస్సెమ్మెస్సులోనూ మన లిపికి చోటు తక్కువే: ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే సందేశంలో తెలుగైతే 70 మాత్రమే పడతాయి, అందులోనూ గుణింతం గుర్తులూ ఒత్తులూ వేరువేరుగా లెక్కకు వస్తాయి. మీటల ఫోనును ఎంత మెచ్చుకున్నా, తెలుగు రాయవలసి వచ్చినప్పుడు నా టచ్ ఫోనుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

లైన్‌మన్, బోరు మెకానిక్, చీనీ మండీ, ఎరువుల అంగడి, డ్రిప్పు పిల్లోడు, ఇలా నలభై ఒక్క నంబర్లు. అన్నీ అయ్యాక నాయన తనకు నిజంగా కావలసిన పని చెప్పాడు. పాత ఫోనులో ఉన్నట్లే, 2 మీటను నొక్కి పట్టుకుంటే మోటరుకు పోవాలి. 3 నొక్కితే నాకు. 4 నొక్కితే చెల్లెలికి. 5 నొక్కితే లైన్‌మన్‌కు. నాకంటే ముందు మోటరు ఉండడం గురించి నేనేమీ అనలేదు. "మరి అమ్మకు?" అని మాత్రం అడిగాను. "మీయమ్మ ఇంట్లోనే కదా ఉండేది, ఆమెకు ఫోను యాడుంది?" అన్నాడు.

ఆ మాట అప్పటినుంచి మనసులో మెదులుతూనే ఉంది. మనవడిని చూడాలని చెల్లెలికి చెప్పుకొని ఏడ్చింది అమ్మ, నాయన కాదు. రెండేళ్లుగా మేమిద్దరం టచ్ ఫోను గురించి వాదించింది నాయనతో. అమ్మకు కావాలా, కావాలంటే ఎలాంటిది అని ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. అమ్మ చదువుకున్నది మూడో తరగతే అయినా, చెల్లెలు వచ్చినప్పుడు ఆమె ఫోనులో పిల్లవాడి వీడియోలను తానే వెనక్కీ ముందుకూ జరుపుకొని చూడడం నేను కళ్లారా చూశాను. వచ్చే ఆదివారం ఊరికి పోయి ఆమెనే అడగాలి.

నాయన నాలుగు గంటల కళ్యాణదుర్గం బస్సు ఎక్కాడు. ఎనిమిదింటికి ఫోను వచ్చింది. కొత్త ఫోనులో మొదట 2 నొక్కి చూశాడట. కరెంటు లేదని స్టార్టరు చెప్పిందట. ఆ సమయానికి త్రీఫేజు ఉండదని ఆయనకూ తెలుసు, పలుకుతుందో లేదో చూసుకున్నాడంతే. తరువాత 3 నొక్కాడు. మాట్లాడింది నిమిషం కూడా లేదు. అందులో సగం సేపు, మోటరులో ఉన్న సిమ్ము రీఛార్జి గురువారంతో అయిపోతుందని, మరిచిపోవద్దని చెప్పాడు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక కంపెనీలు డేటా లేకుండా మాటలకూ ఎస్సెమ్మెస్సులకూ మాత్రమే పనికివచ్చే ప్లాన్లు తెచ్చాయి. మోటరుకు అలాంటిదే చూసి వేయాలి. వేయవలసింది మాత్రం నా ఫోనులోనుంచే.