ఈ కాలం పిల్లలు

గత వారం సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ వెళ్లే సిటీ బస్సులో, ఫిజిక్స్ నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్న ఒక ఇంటర్ అబ్బాయిని అరవై దాటిన పెద్దమనిషి భుజం పట్టి కుదిపి, "లేవరా, ఈ కాలం పిల్లలకు పెద్దాచిన్నా తెలియదు" అని అందరి ముందూ గద్దించారు. ఆ సీటు వృద్ధులకు కేటాయించినది కాదు. అబ్బాయి మారు మాట్లాడకుండా లేచి, పై కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రబడటం నేను పక్కనుంచే చూశాను.

తెల్లవారకముందే లేచి, రాత్రి స్టడీ అవర్స్ దాకా కళాశాలలోనే గడిపే పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారి అలసట మనకు పొగరుగా కనిపిస్తోంది. అదే బస్సులో దిగేవారికి దారివ్వకుండా ఫుట్‌బోర్డు మీద నిలబడినవారూ, కండక్టరమ్మను "ఏయ్" అని పిలిచినవారూ యాభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవారే. ఆ కొందరి ప్రవర్తనను బట్టి ఆ వయసువారందరినీ ఎవరూ తప్పుపట్టలేదు. 10 నుంచి 19 ఏళ్ల లోపు వారికి మాత్రం, ఒకరు చేసిన పొరపాటు తరం మొత్తానికీ చుట్టుకుంటోంది. ఇది అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ రోజు నేను కూడా నోరు విప్పలేదు, అది ఇప్పటికీ బాధిస్తోంది. కిందపడిన పెన్ను తీసి ఇస్తే, ఆ అబ్బాయి మెల్లగా "థాంక్యూ ఆంటీ" అన్నాడు.