చపాతీతో పాటు కుర్మా కూడా మానేశాను కదా

ఆదివారం, రాత్రి పది దాటింది.

పొద్దున చారుకు పోపు పెడుతుంటే ఇంగువ అయిపోయింది. కొత్త డబ్బా విప్పి, ఊరికే వెనకవైపు చదివాను. గోధుమ పిండి కలిపారట. నాలుగు నెలలుగా గోధుమ ముట్టలేదని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకుంటున్నాను. రోజూ పప్పులోనూ చారులోనూ చిటికెడు పోతూనే ఉంది.

"చిటికెడుకే ఏమవుతుందే!" అంది అమ్మ. నాకేమీ అవలేదు. అక్కడే అనుమానం మొదలైంది.

ఆయనకు షుగర్ వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో రాత్రిళ్ళు చపాతీలే. తిన్న గంటకల్లా నా పొట్ట డప్పులా అయ్యేది. పిన్ని కూతురు ఫోన్లో విని, "అక్కా, అది గోధుమలో ఉండే ప్రొటీన్, గ్లూటెనే" అని తేల్చేసింది. మానేశాను, వారంలో హాయిగా అనిపించింది. ఇక కొట్లో ప్రతి పాకెట్టూ తిప్పి చూడటమే పని. ఇడ్లీ రవ్వ మీద కూడా 'గ్లూటెన్ ఫ్రీ' అని వేస్తున్నారు. బియ్యపు రవ్వలో అది ఎప్పుడుందని?

ఈ మధ్యాహ్నం మాత్రం బగారా అన్నం, పచ్చి ఉల్లిపాయ ముక్కలు దండిగా వేసిన పెరుగు పచ్చడి. గోధుమ నలుసు కూడా లేదు. నాలుగింటికి అదే డప్పు, అవే త్రేన్పులు.

సోఫాలో పక్కకు వాలి ఆలోచిస్తే అప్పుడు తట్టింది. నేను చపాతీ ఒక్కటే మానలేదు. దానితో తినే కుర్మా కూడా మానేశాను. ఉల్లిపాయ, వెల్లుల్లి నూరి వేసిన ఆ గ్రేవీ పోయి, దాని బదులు చారన్నం, మజ్జిగ వచ్చాయి. మరి సుఖం ఇచ్చింది ఏది?

గోధుమలోనూ, ఉల్లిలోనూ, వెల్లుల్లిలోనూ ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం ఉంటుంది. అది మనకు అరగదు. పెద్దపేగులోకి వెళ్ళాక అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడితే గ్యాసు పుడుతుంది. గోధుమ పడదని తమంతట తామే మానేసిన 59 మందికి నార్వేలో వారమేసి రోజులు మూడు రకాల చిరుతిండి బార్లు పెట్టారు, ఏది ఏదో చెప్పకుండా. 2018లో వచ్చింది ఆ ఫలితం. ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టాన్ బారు. గ్లూటెన్ బారుకూ, ఏమీ కలపని బారుకూ పెద్ద తేడా లేదు. మా ఆయనకు చెబితే, "నేనూ నీకు తెలియకుండా పెడతానులే" అన్నారు. చపాతీని ఏమని చెప్పి పెడతారో!

అలాగని తేలిగ్గా కొట్టిపారేయడానికీ లేదు. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళకు గ్లూటెన్ వల్ల చిన్నపేగు లోపలి పొర నిజంగానే దెబ్బతింటుంది. వాళ్ళు ఆ చిటికెడు ఇంగువ కూడా చూసుకోవాల్సిందే, బయటికి ఏ బాధా కనిపించకపోయినా సరే. శుక్రవారం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళింది ఆ జబ్బు ఉందేమో చూసే రక్తపరీక్ష కోసమే. "మానేసి ఎన్నాళ్ళయింది?" అన్నారు. నాలుగు నెలలన్నాను. "అయితే ఇప్పుడు టెస్టు చేసినా ఏమీ తేలదమ్మా. గోధుమ తింటూ ఉంటేనే ఆ జబ్బును పట్టిచ్చే యాంటీబాడీలు రక్తంలో కనిపిస్తాయి. ఆరు వారాలు రోజూ తిని రండి" అన్నారు. మానకముందే రావాల్సింది. పిన్ని కూతురి మాట విన్నంత తొందరగా డాక్టరు మాట వినం కదా.

సరే, ఈ రాత్రి నుంచే మొదలు. రెండు చపాతీలు, ఉల్లి వెల్లుల్లి లేకుండా బీరకాయ కూర. తొమ్మిదింటికి తిన్నాను. కాసేపటికి ఎడమ పక్కన ఏదో గుడగుడమంది. చపాతీయా, టెన్షనా తెలియదు. అమ్మ వచ్చి వాము నమలమంది. వద్దన్నాను, అది కూడా కలిస్తే లెక్క మళ్ళీ తప్పుతుంది.

పదకొండు దాకా మేలుకుని చూస్తాను.