చదునుగా కనిపించే చేను రన్‌వే కాదు

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లాలో, రాజురా, బల్లార్‌పూర్ చుట్టుపక్కల తక్కువ ఎత్తులో ఒక చిన్న విమానం వెళ్లిందంటే, అవసరం పడితే అది ఈ చేలల్లో ఎక్కడైనా దిగిపోగలదన్న మాట మా తెలుగువాళ్ల మధ్య తప్పకుండా వస్తుంది. సిరోంచ వంటి దూరపు తాలూకాల రోగులను అలా తీసుకుపోవచ్చు కదా అని వాదించే మిత్రులూ ఉన్నారు. వారి ఆరాటం న్యాయమైనదే. అయితే విమానాశ్రయం లేని చోట దిగడంలో ఉన్న ప్రమాదాన్ని తెలుసుకోకుండా ఈ ఆశ పెంచుకోవడం ప్రాణాల మీదికి తెస్తుందని నా భయం.

అన్నిటికంటే పెద్ద చిక్కు నేల. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి నున్నగా కనిపించే నల్లరేగడి, వేసవిలో నెర్రెలు బారి ఉంటుంది. వానాకాలంలో చక్రాలను పట్టి ఆపేస్తుంది. పరుగు మీదున్న విమానం ముక్కు చక్రం దిగబడినా, పొలం గట్టుకు తగిలినా, తోక పైకి లేచి విమానం తలకిందులయ్యే అవకాశం ఎక్కువ. దున్నిన చేలో దిగక తప్పకపోతే సాళ్ల వెంబడి దిగాలే తప్ప సాళ్లకు అడ్డంగా దిగకూడదు. పత్తి ఏరిన తర్వాత నిలిచి ఉండే గట్టి కట్టె కూడా పై నుంచి పచ్చికలాగే కనిపించవచ్చు. ప్రాణహిత నది ఇసుక తిన్నెలను చూపించేవారికి నేను చెప్పేది ఒక్కటే: పొడి ఇసుకలో చక్రం కూరుకుపోతుంది, నీటి అంచున తడిసిన ఇసుక కొంత గట్టిగా ఉన్నా, ఎంత గట్టిదో దిగేదాకా తెలియదు.

కరెంటు తీగలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే పైలట్‌కు తీగ కనిపించదు. స్తంభాల వరుసను చూసి, వాటి మధ్య తీగ ఉందని అనుకోవాలి. రోడ్డు మీద దిగుదామంటే తీగలకు తోడు చెట్లు, కల్వర్టులు, లారీలు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిపై 2022 డిసెంబరులో వాయుసేన ట్రయల్ రన్ జరిపిన మాట నిజమే కాని, అది అందుకోసమే ప్రత్యేకంగా నిర్మించిన భాగం, పైగా ఆ సమయంలో రాకపోకలను ఆపేశారు.

వేగం రెట్టింపైతే దెబ్బకొట్టే శక్తి నాలుగు రెట్లవుతుంది. భూమి ఆకర్షణకు తొమ్మిది రెట్ల బలం ఒంటి మీద పడేలా, ఒకే తీరుగా వేగం తగ్గి ఆగాలంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగానికి సుమారు 3 మీటర్ల దూరం చాలు, 160 కిలోమీటర్లకు 11 మీటర్లు కావాలి. ఇంజను ఆగినప్పుడు నేల మీద వేగం తగ్గేలా ఎదురుగాలికి దిగమని, నేలను తాకేదాకా విమానాన్ని అదుపులో ఉంచమని శిక్షకులు పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

క్షేమంగా దిగినా కథ అక్కడితో అయిపోదు. పూర్తి బరువుతో, సముద్రమట్టంలో, 15 డిగ్రీల వేడిలో, గట్టి రన్‌వే మీద సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల చిన్న విమానం దిగాక 575 అడుగుల్లో ఆగగలదు. అదే గాలిలోకి లేవడానికి 960 అడుగుల పరుగు, 50 అడుగుల అడ్డంకిని దాటడానికి మొత్తం 1,630 అడుగులు కావాలి. చంద్రపూర్ జిల్లాలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలుంటే గాలి పలచబడి, సుమారు 600 అడుగుల ఎత్తున్న మన నేల విమానానికి 4,000 అడుగులకు పైగా ఎత్తున్న చోటులా పనిచేస్తుంది, పరుగు ఇంకా పొడవవుతుంది. చేలో దిగిన విమానాన్ని చాలాసార్లు అక్కడి నుంచి ఎగరనివ్వరు. రెక్కలు విప్పి లారీ మీద తీసుకుపోతారు.