41వ పేజీలో పోయిన పంక్తి

దివిసీమలో ప్రభుత్వాసుపత్రి నర్సుగా 31 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన తరువాత, పాముకాటు మీద ఒక చిన్న పుస్తకం రాసి, సొంత ఖర్చుతో అచ్చువేయించాను. నాట్ల కాలంలోనూ కోతల కాలంలోనూ మా వార్డుకు వచ్చినవారిలో చాలామంది కాలికి తాడో, చీర చెంగో, సైకిల్ ట్యూబు ముక్కో బిగించుకునే వచ్చేవారు. రక్తపింజర కాటుకు అలా బిగిస్తే విషం ఆగదు సరికదా, అక్కడి కండ చచ్చి చివరకు కాలు తీసేయవలసిన పరిస్థితి వస్తుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కట్టు కట్టవద్దు, నడిపించవద్దు, నాటువైద్యం పేరుతో గంటలు పోగొట్టవద్దు, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకురండి అన్న నాలుగు మాటలు ప్రతి ఇంటికీ చేరాలన్నదే నా కోరిక.

రాయడానికి ఏడు నెలలు పట్టింది. రాతప్రతి చదివిన ఇద్దరు డాక్టర్లు వైద్య విషయాల్లో ఒక్క తప్పూ లేదన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంది.

ఐఎస్‌బీఎన్ అంటే ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య. దాని విషయంలో మాత్రం కొత్తవారిని హెచ్చరించాలి. పుస్తకాలు వేసిపెడతామని ప్రకటనలిచ్చే ఒక సంస్థ, ఆ సంఖ్య ఇప్పించడానికే నన్ను 4,000 రూపాయలు అడిగింది. నిజానికి దానిని కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయితే ప్రచురణకర్తగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉచితంగా దొరికేదానికి పింఛను మీద బతికేవారి దగ్గర డబ్బు గుంజడం అన్యాయం. ఎవరైనా ప్యాకేజీ అనగానే, అందులో దేనికి ఎంత తీసుకుంటున్నారో విడివిడిగా రాసిమ్మని అడగండి.

ఇక అచ్చు సంగతి. నేను ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసుకున్నాను. డీటీపీ వారు, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చేవారు, పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పనిచేస్తారు. మార్చేటప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోయాయి, కొన్ని చోట్ల అక్షరాలే మారిపోయాయి. మూడు ప్రూఫులు (దిద్దడానికి ఇచ్చే నమూనా ప్రతులు) చూసి, ఎర్ర కలంతో దిద్ది, చివరిదాని మీద సంతకం చేశాను. అప్పటికి పుస్తకం డెమ్మీ సైజులో 98 పేజీలు వచ్చింది. ఫారానికి (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టకు) 16 పేజీలు గనుక 96కు కుదిస్తే ఆరు ఫారాలతో సరిపోతుందని, లేకపోతే రెండు పేజీల కోసం మరో ఫారం ఖర్చు పడుతుందని ప్రెస్సు యజమాని ఫోను చేసి చెప్పారు. సబబుగానే తోచి సరేనన్నాను. కుదించిన తరువాత మరో ప్రూఫు పంపమని అడగకపోవడం నేను చేసిన పెద్ద పొరపాటు.

500 కాపీలు వచ్చాయి. మా ఊరి హైస్కూల్లో ఆవిష్కరణ జరిగింది; 64 కాపీలు పంచాను. మూడో రోజున తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఫోను చేసి, "మేడమ్, మీరు స్కూల్లో కట్టు కట్టొద్దని చెప్పారు కదా, పుస్తకంలో కట్టాలని ఉందేంటండీ?" అని అడిగింది. పుస్తకం తెరిచి చూశాను. 41వ పేజీ చివర, "కాటు పడిన చోటుకు పైన తాడుతో గానీ గుడ్డతో గానీ గట్టిగా కట్టాలి" అని ఉంది. 42వ పేజీ "రోగిని నడిపించకుండా పడుకోబెట్టి" అని మొదలవుతోంది. ఆ రెండింటికీ మధ్య నేను రాసిన పంక్తి, "అని ఊళ్లలో చెప్పే మాట నమ్మవద్దు, కడితే కాలు కుళ్లిపోవచ్చు" అన్నది లేదు. నా చేతులు వణికాయి. ఏ మాటను మాన్పించడానికి పుస్తకం రాశానో, ఆ మాటే నా పేరుతో అచ్చయి 64 ఇళ్లకు చేరింది.

ప్రెస్సుకు వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పేజీలు కుదించేటప్పుడు 41వ పేజీలోని బొమ్మను కిందికి జరిపారు. తెరమీద ఆ పేజీ మ్యాటర్ ఉండే పెట్టె కురచ కావడంతో ఆఖరి పంక్తి దాని అంచు కింద దాగిపోయింది. ఆపరేటర్ మౌస్‌తో పెట్టెను కొంచెం కిందికి లాగగానే ఆ పంక్తి తెరమీద కనిపించింది. ఫైలులో ఉన్నది కాగితం మీదికి రాలేదు. యజమాని నేను సంతకం చేసిన ప్రూఫు తెచ్చి బల్ల మీద పెట్టి, "మీరే ఓకే చేశారు కదమ్మా" అన్నారు. ఆ సంతకం 98 పేజీల ప్రూఫు మీదిదని, అందులో ఆ పంక్తి ఉందని వేలు పెట్టి చూపించాను. అప్పుడాయన, "అయినా ఇలాంటి పుస్తకాలు ఎవరు చదువుతారండీ, చుట్టాలకు పంచుకోవడానికే కదా" అన్నారు. పెళ్లిపత్రికల కోసం వచ్చిన నలుగురు అక్కడే కూర్చుని వింటున్నారు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ నన్నెవరూ అంత చులకనగా మాట్లాడలేదు. ఇంజెక్షన్ ఎక్కించే ముందు సీసా మీది పేరు రెండుసార్లు చదివిన చేతులివి; ఒక పంక్తి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. చదివేవారున్నారు గనుకనే ఆ అమ్మాయి ఫోను చేసిందని మాత్రం చెప్పి వచ్చేశాను.

చివర తప్పొప్పుల పట్టిక చేరుస్తామని వారన్నారు, నేను ఒప్పుకోలేదు. ప్రమాదంలో ఉన్నవాళ్లు 41వ పేజీ తెరుస్తారు గానీ పుస్తకం చివరి కాగితం వెతుక్కోరు. వేరే చోట 900 రూపాయలిచ్చి ఆ పంక్తితో స్టిక్కర్లు వేయించి, నేనూ మా చెల్లెలూ పక్కింటి ఇంటర్ పిల్లలూ నాలుగు రాత్రులు కూర్చుని మిగిలిన 436 కాపీలలో అతికించాం.

పుస్తకం వేయించుకునేవారు సంతకం తరువాత చిన్న మార్పు జరిగినా మళ్లీ ప్రింటు తెప్పించుకోండి. ప్రతి పేజీ ఆఖరి పంక్తినీ, తరువాతి పేజీ మొదటి పంక్తినీ కలిపి బిగ్గరగా చదవండి. అచ్చయిన 30 రోజుల్లో, 1954 చట్టం ప్రకారం, కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరాతో పాటు మరో రెండు గ్రంథాలయాలకూ సొంత ఖర్చుతో కాపీలు పంపాలి. నేను అతికించినవే పంపాను.

పంచిన 64 కాపీల కోసం ఇంటింటికీ తిరుగుతున్నాను. ఇప్పటికి 61 సరిచేశాను. రెండు చల్లపల్లిలో ఉన్నాయని తెలిసింది. రేపు ఉదయం బస్సుకు వెళ్తున్నాను. ఆఖరిదాని జాడ ఇంకా దొరకలేదు.